విమానయానములో కంప్యూటరు వైఫల్యము : ఒక పరిశీలన

విమానములు నేలపై సిద్ధముగా నిలిచి ఉండగా, నడుపువారును ఎక్కవలసినవారును హాజరై ఉండగా, ప్రయాణము మాత్రము సాగకపోవుట మన కాలపు వింతలలో ఒకటి. 2024వ సంవత్సరము జూలై 19, శుక్రవారము నాడు శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయములో ఇట్టి పరిస్థితియే ఏర్పడినది. దీనికి తుఫాను కారణము కాదు. సమ్మె కారణము కాదు. ఇంధనపు కొరతయు కారణము కాదు. విమాన సంస్థల కంప్యూటరులు పనిచేయలేదు. అందుచేత కౌంటరుల ముందు వరుసలు పెరిగినవి, విమానములు ఆలస్యమైనవి, కొన్ని రద్దయినవి. హైదరాబాదు నుండి కలకత్తా వెళ్ళవలసిన ఒక ప్రయాణికునికి సిబ్బంది కలముతో వ్రాసి ఇచ్చిన బోర్డింగ్ పాసు చిత్రము ఆనాడు దేశమంతటను ప్రచారమైనది. అచ్చుయంత్రము నుండి క్షణములో వెలువడవలసిన చీటీని ఒక ఉద్యోగి కూర్చుండి వ్రాయవలసి వచ్చెనని పలువురు నవ్వుకొన్నారు. కాని ఆలోచించినచో, ఆనాడు హాస్యాస్పదమైనది ఆ చీటీ కాదు. విమానమును కదిలించినది ఆ చీటీయే.

ఈ విషయము వరంగల్లు వాసులమైన మనకు దూరమైనది కాదు. మన జిల్లా నుండి విమానమెక్కదలచినవారు కాజీపేట, జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్‌ల మీదుగా 150 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి శంషాబాదు చేరవలసి ఉన్నది. వారిలో గల్ఫు దేశములకు కూలికై పోవువారు కలరు. అమెరికాలో చదువుకై పోవు విద్యార్థులు కలరు. హజ్జు, ఉమ్రా యాత్రికులు కలరు. చికిత్సకై ఢిల్లీ, బొంబాయి, మద్రాసు పోవు రోగులు కలరు. ధనవంతునికి ఒక పూట ఆలస్యము విసుగు మాత్రమే. ఉద్యోగములో చేరవలసిన గడువు దగ్గరపడిన కార్మికునికి, లేదా మార్గమధ్యములో మరియొక విమానమును అందుకొనవలసిన విద్యార్థికి, అదే ఆలస్యము కుటుంబము అప్పు చేసి కొన్న టికెట్టును కోల్పోవుట కావచ్చును.

కావున ఈ వ్యాసములో మేము మూడు ప్రశ్నలను పరిశీలింపదలచినాము. విమాన ప్రయాణము కంప్యూటరుపై ఇంతగా ఏల ఆధారపడినది? ఒక చోట కలిగిన లోపము ఇన్ని చోట్లకు ఎట్లు వ్యాపించుచున్నది? ఇట్టి కష్టము వచ్చినపుడు నష్టమును తగ్గించు మార్గమేది?

పుస్తకముల నుండి యంత్రములకు

తొలినాళ్ళలో విమానములో సీట్లు పది, ఇరవైకి మించి ఉండెడివి కావు. హైదరాబాదు సంస్థానములో 1945లో ఏర్పడి, 1953 నాటి జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన దక్కన్ ఎయిర్‌వేస్ వంటి సంస్థల కాలమున ప్రయాణికుల పేర్లను పుస్తకములో వ్రాసుకొనుట సరిపోయినది. విమానములు పెద్దవై, సంఖ్యలో పెరిగినకొలది పుస్తకములు చాలలేదు. అమెరికాలో కార్డులను పెట్టెలలో అమర్చి, ఉద్యోగులు వాటిని వెదకి సీట్లు కేటాయించుచుండెడివారు. ఒకే సీటు ఇరువురికి ఇచ్చుట, ఖాళీ సీటు ఉండియు లేదనుట మామూలైనవి.

1953లో లాస్ ఏంజలీస్ నుండి న్యూయార్కు పోవు విమానములో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు సి. ఆర్. స్మిత్, ఐబీఎం సంస్థ ఉద్యోగి బ్లెయిర్ స్మిత్ ప్రక్క ప్రక్కన కూర్చుండుట తటస్థించినది. ఇంటిపేరు ఒకటియే అగుటచే మొదలైన మాటలు టికెట్ల చిక్కు వైపు మరలినవి. ఆ సంభాషణ ఫలితముగా రూపొందినదే సేబర్ అను రిజర్వేషను వ్యవస్థ. అది 1964 నాటికి పూర్తిగా అమలులోనికి వచ్చినది. దానికై న్యూయార్కు రాష్ట్రములోని బ్రయర్‌క్లిఫ్ మానర్ అనుచోట రెండు పెద్ద కంప్యూటరులను నెలకొల్పినారు. ఒకటి పనిచేయుచుండగా రెండవది ఆపద్ధర్మముగా సిద్ధముగా ఉండెడిది. యంత్రము ఎప్పుడో ఒకప్పుడు ఆగునని ఆ వ్యవస్థను నిర్మించినవారు మొదటినాడే అంగీకరించినారు. ఈ అంశమును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఏ యంత్రము ఏ పని చేయును?

‘విమాన సంస్థ కంప్యూటరు’ అని ఏకవచనములో చెప్పుచున్నను, నిజమునకు అది ఒక యంత్రము కాదు. పలు వ్యవస్థల గొలుసు.

మొదటిది రిజర్వేషను వ్యవస్థ. టికెట్టుపై కనబడు ఆరు అక్షరముల సంకేతము ప్రయాణికుని వివరములన్నిటికి తాళపుచెవి వంటిది. రెండవది చెక్-ఇన్ వ్యవస్థ. వచ్చినవారెవరు, సామానెంత, ఏ సీటు ఎవరిదని తేల్చి ఇది బోర్డింగ్ పాసు ఇచ్చును. మూడవది బరువుల లెక్క. ప్రయాణికులు, సామాను, ఇంధనము కలిపి విమానము ఎంత బరువున్నది, ఆ బరువు ముందు వెనుకలకు సరిగా పంచబడినదా అను లెక్క పైలట్‌కు అందనిదే విమానము బయలుదేరరాదు. నాలుగవది సిబ్బంది పట్టిక. ఏ పైలటు, ఏ పరిచారిక ఏ ఊరిలో ఉన్నారు, వారు ఎన్ని గంటలు పనిచేసినారు, ఇక ఎన్ని గంటలు చేయవచ్చును అనునవి అందులో ఉండును. ఇవి నాలుగును విమాన సంస్థలకు సంబంధించినవి. ఐదవది ప్రభుత్వ సంస్థల చేతిలోని గగన నియంత్రణ వ్యవస్థ. ప్రతి విమానము పోవు మార్గమును తెలుపు పథకము ముందుగా దానికి చేరవలెను.

ఇక్కడ ఒక భయమును తొలగించుట అవసరము. ‘కంప్యూటరులు ఆగినవి’ అను వార్త వినగానే ఆకాశములో ఉన్న విమానములకు ప్రమాదమేమో అని కొందరు కలవరపడుదురు. పైన చెప్పిన చెక్-ఇన్, రిజర్వేషను, సిబ్బంది పట్టికలు నేలపై పనిచేయునవి. విమానములోపల దానిని నడుపుటకు తోడ్పడు యంత్రములు వేరు. నేలపై యంత్రము ఆగినచో విమానము నేలపైనే నిలుచును, ఎగురుచున్నది పడిపోదు. నష్టము కాలమునకు, ధనమునకు, మనశ్శాంతికి కలుగును.

ఆనాడు జరిగినదేమి?

జూలై 19 నాటి సంఘటనకు మూలము విమాన సంస్థలలో లేదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ కంప్యూటరులను దొంగదాడుల నుండి కాపాడు ఫాల్కన్ అను సాఫ్ట్‌వేరును అమ్ముచున్నది. కావలివాడు ఇంటి లోపలి గదుల వరకు పోగలిగినపుడే దొంగను పట్టగలడను భావముతో ఆ సాఫ్ట్‌వేరుకు యంత్రపు అంతర్భాగములో స్థానము కల్పించినారు. కావలివాడు మంచివాడైనచో ఇది లాభమే. అతడే తూలి పడినచో ఇల్లంతయు కూలును.

మన కాలమానము ప్రకారము ఆ ఉదయము 9 గంటల 39 నిమిషములకు ఆ సంస్థ తన సాఫ్ట్‌వేరుకు ఒక చిన్న సవరణను ప్రపంచమంతటికి పంపినది. ఆ సవరణలోని క్రొత్త నియమము 21వ అంశమును పరిశీలింపుమని ఆదేశించినది. కాని ప్రోగ్రాము అందించునవి 20 అంశములు మాత్రమే. 20 పేర్లున్న హాజరు పట్టికను చేతికిచ్చి 21వ పేరు చదువుమన్నట్లయినది. మనిషియైనచో ‘ఆ పేరు లేదండీ’ అని ఊరకుండును. యంత్రము లేని స్థలమును చదువబోయి, దిక్కుతోచక ఆగిపోయినది. తిరిగి మొదలుపెట్టినచో మరల అదే చోట ఆగినది. తెరలన్నియు నీలిరంగుకు మారినవి.

తప్పును గుర్తించి 10 గంటల 57 నిమిషములకు ఆ సవరణను వెనుకకు తీసుకొన్నారు. అనగా 78 నిమిషములు మాత్రమే అది చలామణిలో ఉన్నది. ఆ లోపుననే సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు దెబ్బతిన్నవని మైక్రోసాఫ్ట్ సంస్థ అంచనా వేసినది. ప్రపంచములోని విండోస్ యంత్రములలో ఇది ఒక శాతమునకన్న తక్కువయే. కాని ఆ కొద్దిపాటి యంత్రములు విమానాశ్రయములు, ఆసుపత్రులు, బ్యాంకులు వంటి కీలక స్థానములలో ఉండుటచే దెబ్బ పెద్దదైనది. అంతకు కొన్ని గంటల ముందు మైక్రోసాఫ్ట్ వారి అమెరికా మధ్య ప్రాంతపు కంప్యూటరు కేంద్రములో వేరొక అంతరాయము కూడ కలిగియుండుట కష్టమును రెట్టింపు చేసినది.

సవరణను ఉపసంహరించినంత మాత్రమున ఆగిన యంత్రములు లేవలేదు. పంపినది దూరము నుండియే. బాగుచేయుటకు మాత్రము అనేక చోట్ల మనిషి ఆయా యంత్రము ముందు కూర్చుండి, దోషపూరితమైన ఫైలును తొలగింపవలసి వచ్చినది. చెడుట ఒక్క క్షణములో, బాగగుట ఒక్కొక్కటిగా! ఈ భేదమే ఇట్టి వైఫల్యములలోని అసలు కష్టము.

మన దేశములో ఇండిగో, అకాసా, స్పైస్‌జెట్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సంస్థల సేవలకు అంతరాయము కలిగినది. ఇండిగో ఒక్కటియే సుమారు 200 విమానములను రద్దు చేసినది. సిబ్బంది కాగితములు, కలములు చేపట్టి పేరు, విమానపు సంఖ్య, సీటు వ్రాసి ప్రయాణికులను పంపినారు. ఆనాడు పౌర విమానయాన శాఖను నిర్వహించుచుండిన శ్రీకాకుళం పార్లమెంటు సభ్యుడు శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు, మరునాటి తెల్లవారుజాము 3 గంటల నుండి విమానాశ్రయములలోని వ్యవస్థలు మామూలుగా పనిచేయ నారంభించినవని ప్రకటించినారు.

ఒక ఆలస్యము పలు ఆలస్యములగుట

యంత్రము మధ్యాహ్నము బాగుపడినను విమానములు రాత్రి వరకు ఏల ఆలస్యముగా నడుచును? దీనిని ఒక ఊహాజనితమైన ఉదాహరణతో గ్రహింపవచ్చును. ఒక విమానము తెల్లవారుజామున హైదరాబాదు నుండి ఢిల్లీకి, అచ్చటి నుండి లక్నోకు, లక్నో నుండి బొంబాయికి, బొంబాయి నుండి తిరిగి హైదరాబాదుకు పోవలెననుకొందము. నడుమ నిలుచునది ప్రతి చోట అరగంటయో, ముప్పావు గంటయో. విమానము నేలపై ఉన్నంతసేపు సంస్థకు ఆదాయము లేదు గనుక వారు దానిని త్రిప్పుచునే ఉందురు. ఉదయము హైదరాబాదులో రెండు గంటలు ఆలస్యమైనచో, కంప్యూటరు అన్నది కంటితో చూడని లక్నో ప్రయాణికుడును రెండు గంటలు వేచియుండవలెను.

అంతటితో ఆగదు. పైలటు ఒక రోజులో పనిచేయదగిన గంటలకు చట్టము హద్దు విధించినది. అలసిన పైలటు వలన ప్రమాదము గనుక ఈ హద్దు న్యాయమైనదే. వేచియుండిన గంటలు కూడ పని గంటలలోనే లెక్కకు వచ్చును. సాయంకాలమునకు విమానము ఉన్నను నడుపువారి గడువు తీరిపోవును. బదులు పైలటు వేరొక ఊరిలో చిక్కుకొని ఉండును. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలుపు పట్టిక కూడ కంప్యూటరులోనిదేనని గుర్తు చేసికొన్నచో, చిక్కుముడి ఎట్లు బిగియునో తెలియగలదు.

అమెరికాలోని డెల్టా సంస్థ అనుభవము దీనికి నిదర్శనము. అదే జూలై 19 నాటి దెబ్బ పలు సంస్థలకు తగిలినది. ఇతరులు ఒకటి, రెండు రోజులలో కోలుకొన్నారు. డెల్టాకు మాత్రము సిబ్బంది పట్టిక వ్యవస్థ తిరిగి కుదుటపడలేదు. ఐదు రోజులలో సుమారు 7,000 విమానములు రద్దయినవి. నష్టము 50 కోట్ల డాలర్లని ఆ సంస్థయే చెప్పినది. దెబ్బ ఒకటియే అయినను, కోలుకొను శక్తిలో భేదము ఉన్నదన్నమాట.

మరికొన్ని ఉదాహరణములు

జూలై 19 నాటిది ఏకైక సంఘటన కాదు. కొన్నిటిని కాలక్రమములో చెప్పుకొనుట ఉపయోగకరము.

2017 మే 27న బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంస్థ కంప్యూటరు కేంద్రములో విద్యుత్ సరఫరా తెగినది. సుమారు 75,000 మంది ప్రయాణికులు చిక్కుకొన్నారు. 2019 ఏప్రిల్ 27న మన ఎయిర్ ఇండియా చెక్-ఇన్ వ్యవస్థ తెల్లవారుజామున ఆగి ఐదు గంటలకు పైగా పనిచేయలేదు. దాని ఫలితము ఆ దినమంతయు కనబడినది.

2022 డిసెంబరు చివర అమెరికాలో మంచు తుఫాను వచ్చినపుడు సౌత్‌వెస్ట్ సంస్థలో సిబ్బందిని తిరిగి కేటాయించు సాఫ్ట్‌వేరు మార్పుల వరదను తట్టుకొనలేకపోయినది. తాము ఎక్కడ ఉన్నామో తెలుపుటకు పైలట్లు ఫోనులో గంటల కొలది వేచియుండినారు. 16,000కు పైగా విమానములు రద్దయినవి. 20 లక్షలకు మించిన ప్రయాణికులు ఇబ్బంది పడినారు. 2023 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము ఆ సంస్థకు 14 కోట్ల డాలర్ల జరిమానా విధించినది.

2023 జనవరి 11న అమెరికాలో పైలట్లకు హెచ్చరికలు తెలుపు ప్రభుత్వ వ్యవస్థ నిలిచిపోయి, దేశమంతట విమానముల బయలుదేరుట సుమారు గంటన్నర ఆపివేయబడినది. ప్రధాన సమాచారమును, దాని ప్రతిని సరిచూచు పనిలో ఉన్నవారు పొరపాటున కొన్ని ఫైళ్ళను తుడిచివేయుట దీనికి కారణమని తేలినది.

అన్నిటికన్న బోధకరమైనది 2023 ఆగస్టు 28న బ్రిటనులో జరిగినది. లాస్ ఏంజలీస్ నుండి పారిస్ పోవు ఒక విమానపు మార్గపథకములో రెండు వేర్వేరు స్థలములకు ఒకే సంకేతము ఉన్నది. ఒకటి ఫ్రాన్సులోని డోవిల్, మరియొకటి అమెరికాలోని డెవిల్స్ లేక్. వరంగల్లు జిల్లాలో ఒకే పేరుగల రెండు గ్రామములుండగా ఉత్తరము ఏ గ్రామమునకో తెలియక తికమకపడిన క్రొత్త పోస్టుమాను వలె, గగన నియంత్రణ కంప్యూటరు తికమకపడి, తప్పు సమాచారము ఇచ్చుటకన్న ఆగుట మేలని ఆగినది. వెంటనే రెండవ కంప్యూటరు పని చేపట్టినది. అదియు అదే పథకమును చదివినది, అదే తికమక పడినది, అదే విధముగ ఆగినది. మొదటిది మొదలుకొని రెండవది ఆగుటకు పట్టిన కాలము 20 సెకండ్లు! అటుపిమ్మట పథకములను చేతితో ఎక్కించినారు. గంటకు సుమారు 60 మాత్రమే సాధ్యమైనది. 7 లక్షలకు పైగా ప్రయాణికులకు ఇబ్బంది కలిగినది.

మన దేశములో 2025 నవంబరు 7న ఢిల్లీ విమానాశ్రయములో గగన నియంత్రణకు సందేశములను చేరవేయు వ్యవస్థ చెడి, 800కు పైగా విమానములు ఆలస్యమైనవి. అక్కడను ఉద్యోగులు పథకములను చేతితో సిద్ధపరచియే విమానములను నడిపించినారు.

నేర్వవలసిన పాఠములు

పై ఉదాహరణములలో కారణములు వేరు వేరు. ఒక చోట విద్యుత్తు, ఒక చోట తుడిచివేసిన ఫైలు, ఒక చోట లెక్క తప్పిన సవరణ, ఒక చోట ఒకే పేరు. రేపటి కారణము వీటిలో ఏదియు కాకపోవచ్చును. కనుక ప్రతి కారణమును ముందుగా ఊహించి అడ్డుకొనగలమనుట అత్యాశ. ‘యంత్రము చెడరాదు’ అను సంకల్పము మంచిదే. కాని ‘చెడినపుడు ఏమి చేయవలెను’ అను ఏర్పాటు అంతకన్న ముఖ్యమని మేము భావిస్తున్నాము.

ఈ ఏర్పాటు ఎట్లుండవలెనో తెలియుటకు మనము విదేశములకు పోనక్కరలేదు. కాజీపేట జంక్షను గుండా ప్రతిదినము ఎన్నో రైళ్ళు పోవుచున్నవి. సిగ్నలు చెడినచో ఏమి చేయవలెనో రైల్వే నియమములలో ముందే వ్రాసి ఉన్నది. స్టేషను మాస్టరు లిఖితపూర్వకమైన అనుమతి పత్రము ఇచ్చును. డ్రైవరు దానిని తీసికొని, విధించిన తక్కువ వేగముతో ముందుకు సాగును. రైలు మెల్లగా పోవును, కాని పోవును. ఆ పత్రము నమూనా ముందే అచ్చయి ఉన్నది; దానిని నింపుటకు ఉద్యోగి ముందే శిక్షణ పొంది ఉన్నాడు. ఇది పాతకాలపు పద్ధతి అని రైల్వేవారు దానిని పారవేయలేదు.

దీని నుండియు, పై సంఘటనల నుండియు మూడు సూత్రములు గ్రహింపవచ్చును.

మొదటిది: రెండవ యంత్రము మొదటి దానికి నకలు కారాదు. బ్రిటనులో జరిగినది ఇదియే. ఒకే పుస్తకము చదివిన ఇరువురు విద్యార్థులు పుస్తకములోని తప్పును ఒకే విధముగ వ్రాయుదురు. వేరొక పద్ధతిలో ఆలోచించు తోడు కావలెను. అట్టి తోడులలో మనిషి అన్నిటికన్న పాతవాడు, నమ్మదగినవాడు.

రెండవది: క్రొత్త సవరణను ఒక్కసారిగ అందరికి పంపరాదు. మన ఇండ్లలో క్రొత్త బియ్యము తెచ్చినపుడు గుప్పెడు వండి చూచిన పిమ్మటనే పెండ్లి వంటకు వాడుదుము. జూలై 19 నాటి సవరణను ముందు కొన్ని వందల యంత్రములలో పరీక్షించియుండినచో, 85 లక్షల యంత్రములకు ఆ కష్టము తప్పెడిది. ఆ పిమ్మట క్రౌడ్‌స్ట్రైక్ సంస్థయు సవరణలను అంచెలంచెలుగా పంపు పద్ధతిని చేపట్టినది.

మూడవది: చేతిపనిని అభ్యాసములో ఉంచవలెను. కాగితములు బీరువాలో ఉండుట చాలదు. వాటిని నింపుట తెలిసిన ఉద్యోగి కౌంటరులో ఉండవలెను. అగ్నిమాపక అభ్యాసము సంవత్సరమునకు ఒకటి రెండు సార్లు జరుపునట్లు, కంప్యూటరు లేని గంటను సంస్థలు ఏర్పాటు చేసి సిబ్బందిచే బోర్డింగ్ పాసులు వ్రాయించి, బరువుల లెక్క చేయించి చూడవలెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. గంటకు వందల విమానములు తిరుగు ఈ కాలమున కలముతో ఎన్ని నడపగలరని అడుగవచ్చును. ఆక్షేపణ సమంజసమే. బ్రిటనులో గంటకు 60 పథకములతో సరిపెట్టుకొనవలసి వచ్చుటయే దానికి సాక్ష్యము. కంప్యూటరు లేనిచో ఇన్ని విమానములు, ఇంత చవుకగా, సామాన్యునికి అందుబాటులోనికి వచ్చి ఉండెడివి కావు. కనుక యంత్రమును నిందించుట మా ఉద్దేశ్యము కాదు. చేతిపని యంత్రమునకు సాటి రాదు, రానక్కరలేదు. దీపము ఆరినపుడు వెలిగించు లాంతరు వెలుగులో చదువు సాగకపోవచ్చును, కాని గడప తగిలి పడకుండ నడువవచ్చును. రోగులను, వృద్ధులను, మార్గమధ్యములో మరియొక విమానమును అందుకొనవలసినవారిని ముందుగా పంపుటకు ఆ మాత్రపు వెలుగు చాలును.

ప్రయాణికులు తెలిసికొనవలసినవి

ఇట్టి సమయమున ప్రయాణికునికి చట్టము కొన్ని హక్కులను ఇచ్చినది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నియమముల ప్రకారము, విమానము రద్దయినచో సంస్థ వేరొక విమానములో పంపవలెను, లేదా పైకము తిరిగి ఇవ్వవలెను. ఈ రెండింటిలో ఏది కావలెనో కోరుకొను హక్కు ప్రయాణికునిది. నియమములలో చెప్పిన పరిమితిని మించి ఆలస్యమైనచో వేచియున్నవారికి ఆహారము, పానీయము ఇవ్వవలెను. దేశీయ విమానము ఆరు గంటలకు మించి ఆలస్యమగునని తెలిసినపుడును వేరొక విమానమునో, పూర్తి పైకమునో కోరవచ్చును. సంస్థ అదుపులో లేని అసాధారణ కారణములున్నచో అదనపు నష్టపరిహారము ఇయ్యనక్కరలేదని నియమము కలదు. కాని దానిని సాకుగా చూపి ఆహారమును, తిరిగి ఇవ్వవలసిన పైకమును నిరాకరించుట న్యాయము కాదు.

దూరదేశములకు పోవువారు మరియొక జాగ్రత్త తీసికొనవలెను. హైదరాబాదు నుండి బొంబాయికి ఒక టికెట్టు, బొంబాయి నుండి జెడ్డాకో, చికాగోకో వేరొక టికెట్టు కొన్నచో కొంత ధనము మిగులవచ్చును. కాని మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పిపోయినచో, రెండవ సంస్థకు బాధ్యత ఉండదు. ప్రయాణమంతయు ఒకే టికెట్టుపై ఉన్నచో గమ్యమునకు చేర్చు బాధ్యత సంస్థదే. టికెట్టు, వీసా ప్రతులను కాగితముపై కూడ దగ్గర ఉంచుకొనుట మంచిది. తెరలు ఆరినపుడు కాగితము మాట్లాడును.

మామునూరు వైపు చూపు

ఇప్పుడు మన ఊరి సంగతి. నిజాము పాలనాకాలమున 1930 ప్రాంతములో వరంగల్లు సమీపమున మామునూరులో విమానాశ్రయము వెలసినది. ఒకప్పుడు పేరు గాంచిన ఆ విమానాశ్రయము 1981 తరువాత మూతపడినది. హైదరాబాదు విమానాశ్రయపు ఒప్పందములో 150 కిలోమీటర్ల లోపున మరియొక విమానాశ్రయము రాకూడదను షరతు ఉండుటచే పునరుద్ధరణ చాలకాలము సాగలేదు. శంషాబాదు సంస్థవారు అభ్యంతరము లేదని తెలుపగా, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర ప్రభుత్వము మామునూరు అభివృద్ధికి సమ్మతిని తెలిపినది. అక్కడ ఉన్న 696 ఎకరములకు తోడు మరి 253 ఎకరముల భూమి అవసరమని నిర్ణయమైనది.

ఆ విమానాశ్రయము తిరిగి తెరచుకొన్ననాడు అందులో అధునాతన యంత్రములుండుట సహజము, ఉండవలెను కూడ. వాటితో పాటు కౌంటరు సొరుగులో ఒక అచ్చు పుస్తకము, దానిని నింపగల ఉద్యోగి ఉండవలెనని మా కోరిక. దీనికి కోట్ల రూపాయలు అక్కరలేదు. ముందుచూపు ఒకటి చాలును.

ఈ పత్రికను చదువు విద్యార్థులలో పలువురు రేపు కంప్యూటరు రంగములో ప్రవేశింపగలరు. మీరు వ్రాయు ప్రోగ్రాము ఏ విమానాశ్రయములో, ఏ ఆసుపత్రిలో పనిచేయునో మీకు తెలియకపోవచ్చును. దాని ముందు నిలిచియున్న వృద్ధుడు ఎవరో, అతని చేతిలోని టికెట్టు ఎన్ని నెలల కూలియో యంత్రమునకు తెలియదు. కాబట్టి పని ముగించునపుడు ‘ఇది సరిగా పనిచేయుచున్నదా?’ అను ప్రశ్నతో ఆగక, ‘ఇది పనిచేయనినాడు ఎవరు ఏమి చేయవలెను?’ అను రెండవ ప్రశ్నను కూడ వేసికొనుడు. మొదటి ప్రశ్నకు సమాధానము ఇచ్చువాడు నిపుణుడు. రెండవ దానికి కూడ సమాధానము సిద్ధపరచినవాడు బాధ్యత గలవాడు. మన సమాజమునకు ఇరువురును ఒకే వ్యక్తిలో కావలెను.